కాలపాదము



విద్యను నాలుగు పాదములుగా భాగించి, అందొక పాదము గురువువలనను, ఒక పాదము శిష్యుని స్వబుద్ధివలనను, ఒక పాదము సహాధ్యాయులవలనను, తక్కిన నాలుగవ పాదము కాలక్రమముననే లభించునని మన పూర్వులు లెక్కకట్టిన సంగతి మీలో పెక్కుమంది వినియే యుందురు. మొదటి మూడు పాదముల విషయమున నాకు సందేహము లేదు. గురువు కన్నులకు కనబడువాడు. బుద్ధి యెంత గలదో నాలుగు దినములలోనే తేలిపోవును. సహాధ్యాయులందురా, మన తప్పును మనకంటె ముందు కనిపెట్టి, నవ్వి మరీ దిద్దుదురు. చిక్కంతయు నాలుగవ పాదముతోనే వచ్చినది. కాలము బడి పెట్టదు, పుస్తకము విప్పదు, పేరుపెట్టి పిలిచి పాఠము చెప్పదు. అట్టి కాలము మనకిచ్చు ఆ పాతిక పాలు ఏమి? అది అందరికిని సమానముగా ముట్టుచున్నదా? ముట్టుచున్నట్లయితే మా రావులపాలెములో డెబ్బది దాటినవారందరును వివేకులే కావలసి యుండెను. నా యీడువారు నన్ను క్షమింతురు గాక, ఒక్క వయసు తప్ప మరేమియు రానివారు మాలో తక్కువమంది లేరు.

ఆ నాలుగవ పాదమును గూర్చియే ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

పాండిత్యము వేరు, వివేకము వేరు అనుట క్రొత్తమాట కాదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు దేశమునందలి అరిస్టాటిలు ఈ భేదమును విచారించుచు, చిన్న వయసువారు రేఖాగణితమునందును, అట్టి యితర శాస్త్రములందును ప్రవీణులు కాగలరు గాని, లోకవ్యవహారమున ఏది చేయదగినది, ఏది చేయరానిది అను నిర్ణయమునందు మాత్రము చిన్నవారు ఆరితేరుట కనబడదనియు, ఆ నిర్ణయములు సామాన్యసూత్రములతో గాక విడివిడి సంగతులతో ముడిపడి యుండుటయే దీనికి కారణమనియు, విడివిడి సంగతులు అనుభవముచేతనే తెలియవలసినవనియు వ్రాసెను. మన దేశమున దీనికి దృష్టాంతము వెదకికొననక్కరలేదు. కుంభకోణమున పెరిగిన శ్రీనివాస రామానుజన్ 1920లో తన 32వ యేట కన్నుమూసెను. ఆలోపల ఆయన వ్రాసిపెట్టిన గణితముతో లోకమునందలి మహామేధావులు నేటికిని కుస్తీ పట్టుచునే యున్నారు. గణితమునకు 32 ఏండ్లు చాలును. కాని అన్నదమ్ముల నడుమ చేనిగట్టు తగవు తీర్చుటకు ఆ వయసు గణితవేత్తను పిలుచుకొని వచ్చిన ఊరేదియు నేనెరుగను.

మా యూరి సంగతి తెలియని దూరపు శ్రోతలకొక్క మాట. కలకత్తానుండి మద్రాసునకు పోవు పెద్దరోడ్డు జొన్నాడవద్ద గౌతమి వంతెన దాటి ఇవతలికి వచ్చుసరికి రావులపాలెము. ఆ రోడ్డునే మరికొంత ముందుకు సాగి సిద్ధాంతమువద్ద వసిష్ఠను దాటినచో పశ్చిమగోదావరి. గోదావరి పాయల నడుమ సముద్రమువరకు సాగిన ఈ గడ్డయే కోనసీమ. దానికి వాకిలి మా యూరు. ఆ వాకిటనే యున్నది అరటిగెలల బజారు. తెల్లవారకముందే చుట్టుపట్ల లంకలనుండియు, మెరకతోటలనుండియు రైతులు సైకిళ్ళకు ఇరుప్రక్కల గెలలు వ్రేలాడగట్టి, తాము ఎక్కి త్రొక్కుటకు చోటులేక నడిపించుకొనుచు వచ్చుచుందురు. కర్పూరము, తెల్ల చక్కెరకేళి, ఎర్ర చక్కెరకేళి, అమృతపాణి, కూరకు బొంత; వరుసలు వరుసలుగా గెలలు నేలమీద నిలువబెట్టబడును. ఒరిస్సా లారీలు, బీహారు లారీలు, అరవదేశపు లారీలు ఒక ప్రక్కన కాచుకొని యుండును. ఇన్ని వేల గెలలలో ఏది యెంతకు పోవలెనో నిర్ణయించుట త్రాసుతో గాక చాలవరకు కంటితోనే జరుగుచుండును.

ఒకనాటి యుదయమున అక్కడ నిలుచుండి నేను విన్న సంభాషణ యొకటి కలదు. పట్టణములో చదువుకొని వచ్చి వ్యాపారమున క్రొత్తగా అడుగుపెట్టిన కుఱ్ఱవాడొకడు, గెలలు చూచి ఏరిపెట్టుటయే జీవితముగా గడపిన తన పినతండ్రి వెంట తిరుగుచు, ఒక కర్పూరపు గెలముందు ఆగినాడు. అరటికాయ లేతగా నున్నప్పుడు దాని పలకలు తేలి యుండుననియు, ముదిరినకొలది ఆ పలకలు అణగి కాయ గుండ్రబడుననియు వానికి తెలియును. పుస్తకములలోను ఈ సంగతి యున్నది. వాడు నడిమి అత్తమునుండి ఒక కాయను పట్టుకొని వ్రేలితో తడవి చూచి అడిగెను:

"బాబాయ్, ఈ గెల ముదిరినట్టా, లేనట్టా?"

"ఎక్కడికిరా?"

"ముదిరిందా అని నేనడుగుతుంటే ఎక్కడికి అంటావేంటి?"

"ఊళ్ళో పెళ్ళికైతే ముదరలేదు. ఒరిస్సా లారీకైతే ముదిరింది. ఇంకా దూరం పంపేదైతే ముదిరిపోయింది, అది మనకొద్దు."

కుఱ్ఱవాడు మరి మాటాడలేదు. నేనును మాటాడలేదు గాని, నా మనసు ఆ మూడు వాక్యములచుట్టును చాలనాళ్ళు తిరుగుచునే యుండెను. గెల ఒక్కటే, కాయ పలకలు అవే. వానిని గూర్చిన జ్ఞానము ఇద్దరికిని సమానమే. అయినను ఒకడు గెలను మాత్రమే చూచెను. రెండవవాడు గెలను, దానిని తినబోవు నోటిని, ఆ రెంటి నడుమనున్న దారిని, దారిలోని ఎండను, లారీలోని ఉక్కను, అటువైపున దించుకొనువాని తొందరను కూడ కలిపి చూచెను. 'ఇది యేమి' అను ప్రశ్నకు జ్ఞానము ప్రత్యుత్తర మియ్యగలదు. 'ఇది యెవరికి, ఎప్పటికి' అను ప్రశ్న వచ్చినచోట జ్ఞానము పూర్తి మౌనము వహింపకపోయినను, కొంచెము నసుగును. అక్కడ పలుకవలసినది వివేకము.

ఆ ముసలాయనకు అది యెట్లు అబ్బినది? ఏండ్ల తరబడి బజారులో నున్నాడు గావున అందురా? బజారులో ఏండ్ల తరబడి యున్నవారు ఇంకను పెక్కుమంది కలరు. లెక్కలు వ్రాయు గుమాస్తా ఉన్నాడు, ఎగుమతి కూలి ఉన్నాడు, టీ అమ్మువాడు ఉన్నాడు. కాలము వారిమీదుగాను అంతే గడచినది. ఆయనకు మాత్రమే ఆ కన్ను వచ్చుటకు కారణము నాకు తోచినంతవరకు ఇది: ఆయన ఏరి పంపిన గెల దారిలో మ్రగ్గి కుళ్ళినప్పుడు ఆ నష్టము ఆయనకే తగిలినది, అటునుండి వచ్చిన చీవాట్లు ఆయనయే తినినాడు, మరునాడు మరల అదే బజారునకు వచ్చి మరల ఏరవలసినవాడు ఆయనయే. తన నిర్ణయముయొక్క ఫలితము తిరిగి తన గుమ్మమునకే వచ్చిన మనుష్యునికి గాని కాలము తన పాదమును సమర్పింపదు. నిర్ణయ మొకరిది, నష్ట మొకరిది అయినచోట వందయేండ్లు గడచినను వివేకము మొలకెత్తదు. మూడేండ్లకొకసారి ఊరు మారిపోవు ఉద్యోగులలో నెంత బుద్ధిశాలురు, ఎంత సజ్జనులు ఉండినను, తాము నాటించిన చెట్టు కాపునకు వచ్చునో రాదో చూచు యోగము వారికి లేదు. కనుకనే వారి ఉత్తరువులు వ్యాకరణశుద్ధములుగా నుండియు ఊరికి అతుకవు. ఇది వారి దోషము కాదు, ఆ యేర్పాటులోని దోషము.

ఇంకొక చిక్కు కలదు. అరటితోటలో తల్లిచెట్టు మొదట రెండు తెరగుల పిలకలు లేచును. ఒకటి చిన్నతనమునందే వెడల్పాకులు విప్పి కన్నులపండువుగా నిలుచును. రెండవది చాలకాలము కత్తివంటి సన్నని ఆకుతో, ఇదెక్కడి దరిద్రపు మొక్క అనిపించునట్లుండును. అనుభవము లేనివాడు మొదటిదానిని త్రవ్వి నాటుకొనును. రైతు రెండవదానిని నాటును. ఏలయన, వెడల్పాకుల పిలకకు తల్లిదుంపతో సంబంధము పైపైనే. సన్నాకు పిలక తల్లినుండి లోతుగా పీల్చుకొనుచు తన దుంపను ముందు బలపరచుకొనును. ఇరువది యేండ్లకే సభలలో లోకజ్ఞత ప్రదర్శించు యువకులను చూచినప్పుడు నాకీ మొదటి పిలక జ్ఞప్తికి వచ్చుచుండును. వారి మాటలు అసత్యములు కావు. కాని యవి ఇంకను ఏ దుంపనుండియు రాలేదు.

అట్లని వివేకము అనుభవము గల వృద్ధులకే దత్తమైన జాగీరనుట నా యభిప్రాయము కాదు. మన మహాభారతమునందలి అరణ్యపర్వములో కౌశికుడను బ్రాహ్మణుని కథ కలదు. వేదవేదాంగములు చదివినవాడు, తపస్సు చేసినవాడు. చెట్టుక్రింద నుండగా తనపై రెట్టవేసిన కొంగను కోపముతో చూచి చంపివేసినవాడు. భిక్షకు పోయి ఒక యింటిముందు నిలిచినప్పుడు, ఆ యిల్లాలు అప్పుడే యిల్లుచేరిన ఆకలిగొన్న భర్తకు వడ్డించి, ఆలస్యముగా వచ్చి, మండిపడుచున్న ఆ మహానుభావునితో తాను కొంగను కానని నిబ్బరముగా చెప్పును. చెప్పి, ధర్మమన నేమో తెలియవలెనన్నచో మిథిలానగరమున మాంసము అమ్ముకొను ధర్మవ్యాధుని యొద్దకు పొమ్మని దారి చూపును. కౌశికుడు పోయెను. కథలో నేను మిక్కిలి మెచ్చుకొనునది వ్యాధుని ఉపన్యాసముకంటె, ఆ బ్రాహ్మణుడు కోపము మ్రింగికొని, వేదములు చదివిన కాళ్ళతో కటికవాని అంగడివరకు నడచిపోవుటనే. చదివినదంతయు అతనికి అంతవరకు నేర్పనిదానిని ఆ నడక నేర్పినది.

ఆ యిల్లాలి పేరు కథలో లేదు. మా సీమలో అట్టి యిల్లాలొకతె యుండెను. ఆమె పేరు మాత్రము మేము మరువలేదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారిని పెండ్లాడి, 1909లో పరమపదించిన సీతమ్మగారిని గూర్చి కోనసీమలో తెలియని యిల్లుండదు. వైనతేయపు రేవు దాటవలసిన బాటసారులు, అంతర్వేది తీర్థమునకు పోవువారు, పెండ్లివారు, కూలివారు, ఏ కులమువారైనను, ఏ వేళనైనను, ఆమె వాకిట దిగిన అన్నము దొరకెడిది. వంతెనలు లేని దినములవి. ఏరు పోటుమీదనున్న పడవ ఆగును, పడవ ఆగిన మనిషి ఆగును, మనిషి ఆగినను ఆకలి ఆగదు. ఆ రేవునకు దాపున నుండుటయే ఆమెకు గురుకులమైనది.

ఆమెను గూర్చి ఊరూర చెప్పుకొను వృత్తాంత మొకటి కలదు. చిరకాలము కోరుకొన్న అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరి, దారిలో విశ్రమించి యుండగా, ఆ ప్రక్కనే పోవుచున్న పెండ్లివారి గుంపులో పిల్లలు ఆకలికి ఏడ్చుచుండుటయు, 'ఇంకెంతోదూరము లేదు, సీతమ్మగారి యిల్లు వచ్చుచున్నది, అక్కడ అన్నము తిందురు గాని' అని పెద్దలు వారిని ఊరడించుటయు ఆమె చెవిన పడెనట. ఆమె వెంటనే పల్లకి వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందు ఇల్లుచేరి పొయ్యి వెలిగించెనట. ధర్మశాస్త్రము చదివిన పండితులిద్దరిని ఆ చెట్టుక్రింద కూర్చుండబెట్టి యుండినచో, సంకల్పించిన యాత్రను నడుమ విడుచుట దోషమా, దోషమైనచో ప్రాయశ్చిత్తమేమి, అన్నదానఫలము తీర్థఫలమునకు సమానమా అధికమా అని తెల్లవారువరకు వాదించి యుందురు. ఆ వాదము తప్పనియు నేననను. ఆమెకు ఆ వాదమునకు తీరిక లేదు. ఎన్నో యేండ్లుగా వాకిట నిలిచిన ఆకలిని వినివినియున్న చెవి గనుక ఏ యేడ్పు ఎంతసేపు ఓర్వగలదో దానికి తెలియును.

మరియొకటియు చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమె ఛాయాపటము కావలెనని దొరతనమువారు కబురుచేయగా, పేరుకొరకు పెట్టిన అన్నము కాదని ఆమె నిరాకరించెననియు, పటము పంపనిచో తన యుద్యోగమునకే ముప్పు వచ్చునని వచ్చిన యధికారి బ్రతిమాలుకొనగా, అంతట ఒప్పుకొనెననియు ఆ కథ. ఇందు చరిత్ర యెంత, జనుల ప్రేమ యెంత అని కొలిచిచూచుటకు నేను పూనుకొనను. జనులు కల్పించుకొన్నను మంచి కల్పనయే. ఏలయన తన నియమముకంటె ఎదుటివాని పొట్టకూడు పెద్దది అని తెలిసి, నియమమును సడలించుకొనగల మనసును వారు ఆమెయందు చూచినారు. నియమముండుట సులభమే. ఎక్కడ సడలింపవలెనో తెలియుట ఆ నాలుగవ పాదములోని సొమ్ము. నేడు గన్నవరమున నదిమీదుగా కాలువను దాటించు అక్విడెక్టునకు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకును ఆమె పేరే పెట్టిరి. ఈ రెండవది నాకెంతయు సమంజసముగా తోచినది.

అక్విడెక్టు మాట వచ్చినది గనుక దానిని మాకు తెచ్చిపెట్టిన ఆనకట్ట మాటయు చెప్పవలెను. 1832–33 నాటి నందన కరువులో ఈ జీవనది యొడ్డుననే జనులు ఆకలితో మడిసిరి. ఆ తరువాత గోదావరిని పరిశీలించుటకు వచ్చిన ఆర్థర్ కాటను దొర 1847లో ధవళేశ్వరమువద్ద పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా ఏటికి అడ్డముగా కట్టిన ఆ కట్టడముయొక్క పుణ్యముననే లొల్ల లాకుల మీదుగా మా కాలువలకు నీరు వచ్చినది. మా పల్లెలలో ఆయన విగ్రహములకు పూలదండలు పడుట అందరును చూచినదే. ఆయన కష్టమును, కూలిజనమును సమకూర్చి ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్నగారి కష్టమును నేను తక్కువ చేయను. కాని నేనిప్పుడు చెప్పదలచినది కట్టినదానిని గూర్చి కాదు, కట్టుటకు ముందు ఆయన నేర్చుకొన్నదానిని గూర్చి.

గోదావరి గర్భమంతయు ఇసుక. పునాది నిలుపుటకు రాయి తగులునంతవరకు త్రవ్వుదమన్న తగులదు. ఇంగ్లండులో చదివిన యింజనీరుకు ఇది అసాధ్యముగా తోచవలసిన సంగతి. కాటను అంతకుపూర్వము కావేరిమీద పనిచేసియుండెను. అక్కడ చోళులు వేయేండ్లకు మునుపెన్నడో కట్టిన కల్లణై అను ఆనకట్ట, అడుగు లేని యిసుకమీదనే, ఎన్ని వరదలు వచ్చినను కదలక నిలిచియుండుటను ఆయన చూచెను. చూచి ముక్కుమీద వ్రేలు వేసికొని ఊరకుండక, ఇది యెట్లు నిలిచినదని పరిశీలించెను. వదులుగానున్న ఇసుకలో పునాది పాతుకొను విద్యను తాము ఈ దేశపు పూర్వులవలననే నేర్చుకొంటిమని, తరువాతికాలమున తాము కట్టిన ఆనకట్టలకు, వంతెనలకు, అక్విడెక్టులకు ఆ పాఠమే ఆధారమైనదని, తన జాతివారు వినునట్లుగా ఆయనయే వ్రాసిపెట్టెను. పాలించు జాతికి చెందినవాడు పాలితుల తాతముత్తాతలకు శిష్యుడనని చెప్పుకొనుట ఆ దినములలో చిన్నసంగతి కాదు. మిథిలకు నడచిపోయిన కౌశికునికిని, కావేరి గట్టున నిలుచుండి రాళ్ళను చూచిన ఈ దొరకును నాకు పోలిక కనబడుచున్నది. కాలపాదమును సంపాదించుటకు మనమే వేయేండ్లు బ్రతుకనక్కరలేదు. వేయేండ్లు నిలిచినదాని యెదుట కొంతసేపు అహంకారము దించుకొని నిలుచుండిన చాలును. ఆ కట్టడము కట్టినవారు తమ తప్పుల ఫలితమును తామే యనుభవించి దిద్దుకొన్నవారు. వారి నష్టములు ఆయనకు పాఠములైనవి.

ఇంతవరకు అనుభవమును పొగడితిని. ఇక దాని దుర్గుణమును చెప్పకున్న నేను సగమే చెప్పినవాడ నగుదును.

గోదావరి గట్టుమీది జీవితమునకు కొన్ని లెక్కలు కలవు. ధవళేశ్వరమువద్ద ఏరు 10 లక్షల క్యూసెక్కులకు చేరిన మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. 1953లో సుమారు 30 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. దానిని చూచినవారు అంతకుమించిన ఏరు లేదనుకొనిరి. 33 ఏండ్లపాటు ఆ మాట నిజమయ్యెను కూడ. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు వచ్చినది. భద్రాచలమువద్ద మూడవ హెచ్చరికకు గుర్తు 53 అడుగులు కాగా, నీరు 75 అడుగులు దాటినది. గట్లు తెగినవి. అప్పుడు మోసపోయినవారు అజ్ఞానులు కారు. 'యాభైమూడులో ఇక్కడికి రాలేదు' అను వాక్యము అక్షరాల సత్యమే; ఆ సత్యమునుండియే ప్రమాదము పుట్టినది. 30 లక్షలను చూచిన కన్ను 35 లక్షలను చూడనక్కరలేదని ఏటికెవరును వ్రాసియియ్యలేదు.

2022లో వింత మరియొకటి. పెద్దవరద యన్న శ్రావణము వచ్చిన తరువాతనే యని మాలో నొక నమ్మిక. 1986లోను, 2006లోను వచ్చినది ఆగస్టులోనే. 2022లో మాత్రము ఆషాఢము ముగియకమున్నే, జూలైలోనే, ధవళేశ్వరమువద్ద ఏరు 25 లక్షలు దాటినది. ఎర్రనీరు వచ్చినది, ఇంకను నెలరోజుల గడువున్నది, కంద త్రవ్వుకొనవచ్చును, గెలలు కోసికొనవచ్చును అని కూర్చుండిన లంకరైతులలో అనుభవశాలురే ఎక్కువగా నుండిరని నా తలంపు. అనుభవము లేనివాడు భయపడి గట్టెక్కినాడు.

కనుక ఎన్ని వరదలు చూచితిననుట కాదు, నేను చూచినవి యెన్నిమాత్రమే యనుట వివేకి యడుగు ప్రశ్న. తన యనుభవముయొక్క పొలిమేరరాళ్ళు ఎక్కడెక్కడ పాతియున్నవో ఎరిగినవాడే దానిలో నిశ్చింతగా సేద్యము చేసికొనగలడు. మా లంకవారిలో ఈ రెండవ తెలివి కలవారు లేకపోలేదు. ఏరు ఎక్కుచున్నంతసేపు అందరును మేలుకొని యుందురు. తీయుట మొదలుకాగానే కునుకు తీయుదురు. నెమ్మది గలవాడు మాత్రము అప్పుడు కూడ గట్టు దిగడు. ఏలయన నీటిలో నాని మెత్తబడిన ఒడ్డునకు ఇన్నాళ్ళు నీరే ఊతగా నుండి, ఆ నీరు వేగముగా తగ్గిపోగానే తన బరువునకే ఒడ్డు విరిగి పడును. ఎకరములకెకరములు తోటలు ఏటిపాలగుట వరద పొంగులో కంటె వరద తీతలోనే యని మావారు చెప్పుదురు. ఇంజనీర్లు తమ భాషలో చెప్పునదియు నిదియే.

ఇప్పుడు ప్రతి కుఱ్ఱవాని చేతిలోను ఫోను ఉన్నది. భద్రాచలములో గంటగంటకు ఎన్ని యడుగులో, ధవళేశ్వరములో ఎన్ని లక్షలు వదలుచున్నారో లంకనడుమ మంచముమీద కూర్చుండియే తెలిసికొనవచ్చును. దీనిని చూచి మావంటి ముసలివారు పెదవి విరుచుట న్యాయము కాదు. తంతితీగయైన లేని దినములలో మా పెద్దలు నీటియంచున పుల్లపాతి రాత్రియంతయు లాంతరు పెట్టుకొని దానినే చూచుచుండెడివారు. ఆ పుల్లకంటె ఈ ఫోను వేయిరెట్లు మేలు. అయినను ఆ అంకె చూచి ఏమి చేయవలెనో ఆ యంకెలో నుండదు.

కొన్నేండ్ల క్రిందట గౌతమి గట్టున జరిగినది చెప్పి సెలవు తీసికొందును. మొదటి హెచ్చరిక వెలువడిన దినము. లంకలో పశువులున్న రైతులు గట్టుమీద చేరి, తోలుకొని వత్తుమా, రెండవ హెచ్చరిక వరకు ఆగుదుమా అని తర్జనభర్జన పడుచుండిరి. పైన వానలు తగ్గినవి, భద్రాచలములో నిలకడగా నున్నది, ఆగవచ్చునని ఫోనులు చూచి చదువుకున్నవారు చెప్పిరి. ఆ లెక్క సరియైనదే. ఒక పెద్దాయన మాత్రము అందరి మాటయు విని, తుండుగుడ్డ తలకు చుట్టుకొని లేచెను.

"అదేంటి మావయ్యా, ఆగొచ్చని చెప్తున్నారుగా?" అని మేనల్లుడు.

"ఆళ్ళవి కోడెలురా, ఎప్పుడైనా ఈదుకొస్తాయి. మనది చూడిగేదె. రేపు నీళ్ళొచ్చాక అది పడవెక్కుద్దా?"

ఆ మధ్యాహ్నమే దానిని మెల్లగా నడిపించుకొని వచ్చి గట్టుమీద పాక వేసెను. ఆ యేడు రెండవ హెచ్చరిక రానేలేదు. లంకలోనికి చుక్క నీరెక్కలేదు. తక్కినవారు నవ్విరి, నాలుగు దినములు గట్టుమీద దోమలతో వృథాగా వేగితివే అని ఎగతాళి చేసిరి. ఐదవనాడు గేదె ఆ పాకలోనే ఈనినది. పెయ్యదూడ. ఆయన నవ్వినవారి యిండ్లకుకూడ జున్నుపాలు పంపించెను. వారం తిరిగిన తరువాత నేను కనబడినప్పుడు, "ఏమండీ, అనవసరంగా శ్రమపడ్డారట కదా?" అంటిని.

"ఆయ్, పడ్డానండి," అనెను. "వచ్చే ఏడు చూడిదైతే వచ్చే ఏడూ పడతానండి."